ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టే సాఫ్ట్‌వేర్ ఎంపిక: ఏఈఎస్ ఒక్కటే చూస్తే చాలదు

ఫైళ్లను పాస్‌వర్డ్‌తో భద్రపరచడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని అడిగితే, చిత్తూరు ఆడిటర్ ఆఫీసులోనైనా తిరుపతి నెట్ సెంటర్‌లోనైనా సాధారణంగా వచ్చే జవాబు ‘ఏఈఎస్-256 ఉంది, భయం లేదు’ అని. ఆ జవాబుతో ఎంపిక తేలదు. ఏఈఎస్ అంటే కీ లేనివారు చదవలేని విధంగా ఫైలును మార్చే, అంటే ఎన్‌క్రిప్ట్ చేసే, ప్రామాణిక పద్ధతి; 256 అన్నది ఆ కీ పొడవు, బిట్లలో. ఈ వ్యాసంలో పోల్చే సాధనాల్లో పాత జిప్ పద్ధతినీ పాత ఆఫీస్ ఫైళ్లనూ మినహాయిస్తే దాదాపు అన్నిటిలోనూ ఏఈఎస్ ఉంది, దాన్ని నేరుగా ఛేదించే ఆచరణయోగ్యమైన మార్గం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అందువల్ల ఫైలును కాజేసినవాడు ఏఈఎస్ జోలికే వెళ్లడు. మనం టైపు చేసిన పాస్‌వర్డ్‌ను సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్ కీగా మార్చే దశ ఒకటి ఉంటుంది. అతను ఆ దశ దగ్గర మాటువేసి, ఊహించిన పాస్‌వర్డ్‌లను కంప్యూటర్ చేత ఒక్కొక్కటిగా ప్రయత్నింపజేస్తాడు. ఆ ఒక్కో ప్రయత్నానికి అతనికి ఎంత శ్రమ పడుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి లక్షల రెట్లు మారుతుంది. ఎంపికలో మొదట చూడవలసింది ఆ తేడానే.

ఏటీఎంలో మూడుసార్లు తప్పు పిన్ నొక్కితే కార్డు నిలిచిపోతుంది. ఫైలుకు అలాంటి కాపలా లేదు. కాపీ ఒకసారి చేతికి చిక్కాక ఎన్ని కోట్ల ప్రయత్నాలు చేసినా అడ్డుకునేవారు ఉండరు, ఆ సంగతి ఫైలు యజమానికి తెలిసే అవకాశమూ లేదు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల లెక్కలు చూసే ఒక ఆఫీసును ఊహించుకోండి. తోతాపురి సీజను ముగిశాక బ్యాలెన్స్ షీటు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భాగస్వాముల ఆధార్ కాపీలు అన్నీ ఒక జిప్‌లో చుట్టి మెయిల్‌లో పంపుతారు. క్లయింటుకు గుర్తుంటుందని సంస్థ పాన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెడతారు. పది అక్షరాలు, అందులో అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్నాయి కాబట్టి చూడడానికి బలంగానే కనిపిస్తుంది. కానీ ఆ సంస్థ ఇచ్చే ప్రతి బిల్లు మీదా జీఎస్టీ నంబరు ముద్రించి ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు, మన రాష్ట్రానికి 37. ఆ తర్వాతి పది అక్షరాలు అచ్చంగా పాన్ నంబరే. సరుకు ఎక్కించుకున్న లారీ డ్రైవరు చేతిలోని కాగితం మీద ఆ పాస్‌వర్డ్ రాసి ఉన్నట్లే లెక్క.

ఇ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు పెద్దక్షరాలూ పుట్టిన సంవత్సరమూ కలిపినదని అందరికీ తెలుసు. మనిషి పేరు తెలిసినవారికి మిగిలేది సుమారు వంద ప్రయత్నాలు. యాత్రికుల ఆధార్ కాపీలను నెలల తరబడి కంప్యూటర్‌లో ఉంచుకునే లాడ్జీలు, ట్రావెల్ ఆఫీసులు తిరుపతిలో లెక్కలేనన్ని ఉన్నాయి. ‘ఆ పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉంది కదా’ అన్న ధైర్యంతో వాటిని అలాగే వదిలేయడం తగదు.

కీ తయారీలో బలం ఎక్కడ ఉంటుంది

పాస్‌వర్డ్ నుంచి కీని రాబట్టే పద్ధతిలో మూడు విషయాలు చూడాలి. మొదటిది సాల్ట్, అంటే ప్రతి ఫైలుకూ వేరుగా కలిపే యాదృచ్ఛిక బైట్లు. సాల్ట్ లేకపోతే ఒకే పాస్‌వర్డ్ నుంచి ఎప్పుడూ ఒకే కీ వస్తుంది కనుక, దాడి చేసేవాడు తన శ్రమను ఒక్కసారి పెట్టి అనేక ఫైళ్ల మీద వాడుకోగలడు. రెండవది హాష్ లెక్కను, అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేని సంఖ్యగా మార్చే లెక్కను, ఎన్నిసార్లు తిరగవేస్తున్నారన్నది; ఒక్కో తిరుగుడూ ఒక ఆవృత్తి. మూడవది జ్ఞాపకశక్తి, అంటే ఒక్కో ప్రయత్నానికి ఎంత ర్యామ్ కావాలన్నది. చాలామంది రెండవదాని దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో నేడు మూడవదే ముఖ్యం.

కారణం గ్రాఫిక్స్ కార్డులు. వాటిలో వేలాది చిన్న ప్రాసెసర్లు ఒకేసారి హాష్ లెక్కలు చేస్తాయి. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2898 అనే సాంకేతిక పత్రంగా వెలువడిన పీబీకేడీఎఫ్2 అనే కీ తయారీ పద్ధతికి ర్యామ్ అవసరం దాదాపు శూన్యం కాబట్టి, అన్ని ప్రాసెసర్లూ ఏ ఆటంకమూ లేకుండా పనిచేయగలవు. ఆ పత్రం కనీసం 1,000 ఆవృత్తులు ఉండాలని సూచించింది. ఆనాటి కంప్యూటర్లకు అది సరిపోయే సంఖ్యే. ఈనాడు సాఫ్ట్‌వేర్ భద్రత మీద సలహాలిచ్చే ఓవాస్ప్ సంస్థ పీబీకేడీఎఫ్2ను ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్‌తో వాడితే 6,00,000 ఆవృత్తులు ఉండాలంటోంది. అయినా పాత సాధనాలు ఎన్నో ఆ వేయి దగ్గరే ఉండిపోయాయి.

ర్యామ్ కోరకపోవడమనే ఈ లోటును పూరించడానికే కొలిన్ పెర్సివల్ 2009లో ఎస్‌క్రిప్ట్ అనే కీ తయారీ పద్ధతిని రూపొందించారు. ప్రతి ప్రయత్నానికీ పదుల లేదా వందల మెగాబైట్ల ర్యామ్ తప్పనిసరి చేస్తే, కార్డులో ఎన్ని వేల ప్రాసెసర్లు ఉన్నా ర్యామ్ చాలక వాటిలో చాలా భాగం ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఆర్గాన్2 ఇదే ఆలోచనను మరింత పకడ్బందీగా అమలు చేసి, 2015లో పాస్‌వర్డ్ హాషింగ్ పోటీలో గెలిచింది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9106గా స్థిరపడింది. ఆ పత్రం మొదటి సిఫారసుగా 2 గిగాబైట్ల ర్యామ్‌నూ, అంత వీలుకాని చోట 64 మెగాబైట్లతో మూడు ఆవృత్తులనూ సూచిస్తుంది.

తేడా అంకెల్లో చూద్దాం. పాస్‌వర్డ్ ఒక మొబైల్ నంబరు అనుకుందాం. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల సంఖ్యలు 400 కోట్లు. వేయి ఆవృత్తుల పీబీకేడీఎఫ్2 మీద ఒక మంచి కార్డు సెకనుకు కోటి ప్రయత్నాలు చేస్తుందనుకుంటే, మొత్తం వెతకడానికి ఏడు నిమిషాలు పట్టదు. వంద రెట్లు నెమ్మదైన పద్ధతికి పదకొండు గంటలు పడుతుంది. ర్యామ్ ఎక్కువ కోరే పద్ధతిలో సెకనుకు వంద ప్రయత్నాలే సాగుతాయనుకుంటే ఏడాదికి పైగా పడుతుంది. అదే పాస్‌వర్డ్ పుట్టినతేదీ అయితే వంద సంవత్సరాలకు కలిపి ముప్పైఆరు వేల పైచిలుకు తేదీలే ఉంటాయి కనుక, ఈ అన్నిటికన్నా బలమైన పద్ధతి కూడా ఏడు నిమిషాలలోపే చేతులెత్తేస్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ మధ్యస్థమైన పాస్‌వర్డ్‌ను నిలబెట్టగలదు గాని, పుట్టినతేదీని ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

జిప్, సెవెన్-జెడ్, రార్

మన ఆఫీసుల్లో ఎక్కువగా నడిచేవి ఇవే కనుక వీటి గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

జిప్ పేరుతో రెండు వేర్వేరు పద్ధతులు చలామణిలో ఉన్నాయి. పాతదైన జిప్‌క్రిప్టోలో కీ తయారీని పటిష్ఠం చేసే దశ అంటూ ఏదీ లేదు, పైగా ఎన్‌క్రిప్షనే బలహీనం. బిహామ్, కోచర్ 1994లోనే దాని మీద దాడిని ప్రకటించారు. జిప్ లోపలి ఫైలులో ఒక పన్నెండు బైట్లు ముందుగా తెలిస్తే చాలు, పాస్‌వర్డ్‌ను ఊహించకుండానే ఫైళ్లను విప్పవచ్చు. ఫొటోల వంటి ఫైళ్లు ఎప్పుడూ ఒకే రకమైన బైట్లతో మొదలవుతాయి కనుక ఆ పన్నెండు దొరకడం కష్టమేమీ కాదు. ఇక్కడ పాస్‌వర్డ్ ఎంత పొడవుగా ఉన్నా ఉపయోగం లేదు. దీన్ని ఏ అవసరానికీ వాడవద్దని నిస్సంకోచంగా చెబుతాను.

రెండవది విన్‌జిప్ ప్రవేశపెట్టిన ఏఈఎస్ జిప్. ఎన్‌క్రిప్షన్ మంచిదే, సాల్ట్ కూడా ఉంది. కానీ కీ తయారీ పీబీకేడీఎఫ్2, ఎస్‌హెచ్‌ఏ-1తో సరిగ్గా 1,000 ఆవృత్తులు. ఆ సంఖ్య ఫైలు ఫార్మాట్‌లోనే స్థిరంగా ఉంది కనుక మీరు ఏ కొత్త సాఫ్ట్‌వేర్‌తో చేసినా మారదు. జిప్ ఏదైనా లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయన్నది మరో లోపం. ఎవరి బ్యాంకు స్టేట్‌మెంటు ఏ నెలదో పేరులోనే రాసి పెట్టే అలవాటు ఉన్న ఆఫీసులకు ఇది చిన్న విషయం కాదు.

సెవెన్-జిప్ సాఫ్ట్‌వేర్‌లో జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. ‘యాడ్ టు ఆర్కైవ్’ కిటికీ తెరిచి ఫార్మాట్ దగ్గర జిప్ ఎంచుకుంటే, ఎన్‌క్రిప్షన్ పద్ధతిగా ముందే కనిపించేది జిప్‌క్రిప్టో. మనమే మార్చుకుంటే తప్ప ఏఈఎస్-256 రాదు. విండోస్‌లోని సొంత జిప్ సదుపాయం ఏఈఎస్ జిప్‌లను తెరవలేకపోవడం వల్ల ‘అవతలివారికి తెరుచుకోవడం లేదు’ అని ఫోను రావడం, గుమస్తా తిరిగి జిప్‌క్రిప్టోతో చేసి పంపడం చాలాచోట్ల జరిగేదే. దానికి బదులు అవతలివారి కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే సెవెన్-జిప్‌ను ఒకసారి ఇన్‌స్టాల్ చేయించడం మేలు.

ఫార్మాట్ దగ్గర సెవెన్-జెడ్ ఎంచుకుంటే పరిస్థితి ఎంతో మెరుగు. ఏఈఎస్-256తో పాటు కీ తయారీలో ఎస్‌హెచ్‌ఏ-256ను 5,24,288 ఆవృత్తులు నడుపుతుంది, ఫైళ్ల పేర్లను కూడా దాచే గడి ఒకటి ఇస్తుంది. ఆ గడిలో తప్పక టిక్ పెట్టాలి. లోపాలు రెండున్నాయి. దీనికి ర్యామ్ అవసరం లేదు కనుక గ్రాఫిక్స్ కార్డులకు అడ్డు తక్కువ. రెండవది, ఫార్మాట్‌లో సాల్ట్‌కు చోటున్నా సెవెన్-జిప్ దాన్ని వాడదు. కాబట్టి అందరు క్లయింట్లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం ఇక్కడ మరింత ప్రమాదం.

విన్‌రార్ 2013లో తెచ్చిన రార్5 ఫార్మాట్‌లో సాల్ట్ ఉంది, పీబీకేడీఎఫ్2 ఎస్‌హెచ్‌ఏ-256తో 32,768 ఆవృత్తులు ఉన్నాయి. ఏఈఎస్ జిప్ కన్నా మెరుగే. ఇప్పటికే కొని వాడుతున్నవారు పొడవైన పాస్‌వర్డ్‌తో కొనసాగించవచ్చు. కేవలం దీనికోసం కొనవలసిన పని లేదు.

ఆఫీస్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు పెట్టే పాస్‌వర్డ్ విషయంలో ఏ సంవత్సరపు ఆఫీస్ అన్నదే ప్రధానం. 97–2003 కాలపు ఫైళ్లలో మామూలుగా వాడిన కీ 40 బిట్లే. పాస్‌వర్డ్‌ను వదిలేసి, ఉన్న 1.1 లక్షల కోట్ల కీలన్నిటినీ వరుసగా ప్రయత్నించడం నేటి కంప్యూటర్లకు సాధ్యమే. ఆఫీస్ 2007లో 50,000 ఆవృత్తులు, 2010లో 1,00,000 అయ్యాయి. 2013 నుంచి అవే లక్ష ఆవృత్తులు ఎస్‌హెచ్‌ఏ-512తో, ఏఈఎస్-256తో వస్తున్నాయి. ఒకే ఎక్సెల్ షీటును పంపవలసి వచ్చినప్పుడు కొత్త ఆఫీస్ పాస్‌వర్డ్‌ను నమ్మవచ్చు. అయితే అది తెరవడానికి పెట్టే పాస్‌వర్డ్ కావాలి. షీటును మార్చకుండా పెట్టే ‘ప్రొటెక్ట్ షీట్’ పాస్‌వర్డ్ వేరు, అది ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయదు.

పీడీఎఫ్ చరిత్ర ఒక విచిత్రం. 2008లో వచ్చిన అక్రోబాట్ 9 తొలిసారి ఏఈఎస్-256 ఇచ్చింది కాని, పాస్‌వర్డ్‌ను ఒక్క ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కతో సరిచూసేలా చేసింది. అంతకు ముందున్న 128 బిట్ల పద్ధతిలో ఎండీ5 అనే పాత హాష్ కనీసం యాభైసార్లు తిరిగేది. దాంతో పెద్ద అంకె గల కొత్త పద్ధతిలో పాస్‌వర్డ్ ఊహించడం పాతదానికన్నా తేలికైపోయింది. తర్వాతి అక్రోబాట్ టెన్‌లో దాన్ని సరిదిద్దారు. ఏఈఎస్ అంకె ఒక్కటే చూసి ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. పీడీఎఫ్ ఎన్‌క్రిప్షన్‌ను బ్యాంకులు పంపేవి తెరవడానికి వాడుకోండి. మీరు పంపే రహస్య పత్రాలకు మాత్రం సెవెన్-జెడ్‌లో చుట్టి పంపడమే నా సలహా.

ఫోల్డర్లు, పెన్‌డ్రైవ్‌లు, ల్యాప్‌టాప్‌లు

పంపడానికి కాక దాచుకోవడానికైతే ఎంపిక మారుతుంది. తిరుపతిలోని విశ్వవిద్యాలయాల్లో, వైద్య కళాశాలలో పరిశోధన చేసేవారు రోగుల వివరాలున్న ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హాస్టల్‌కు, ఆస్పత్రికి మధ్య తిరుగుతుంటారు. అలాంటివారికి నేను మొదట చెప్పేది వెరాక్రిప్ట్. అది ఎన్నో ఫైళ్లను కంటెయినర్ అనే తాళం వేసిన పెట్టె లాంటి ఒకే ఫైలులో దాస్తుంది. దాని పూర్వరూపమైన ట్రూక్రిప్ట్ 1,000 లేదా 2,000 ఆవృత్తులతో పనిచేసేది, 2014 మేలో దాని అభివృద్ధి ఆగిపోయింది. వెరాక్రిప్ట్ ఆ లోపాన్నే ముందుగా పట్టుకుని మామూలు కంటెయినర్లకు ఎస్‌హెచ్‌ఏ-512తో ఆవృత్తులను 5,00,000కు పెంచింది. పిమ్ అనే సంఖ్యతో వీటిని ఇంకా పెంచుకోవచ్చు. తగ్గించుకోవడానికి మాత్రం పాస్‌వర్డ్ కనీసం 20 అక్షరాలు ఉంటేనే ఒప్పుకుంటుంది. పాత కంప్యూటర్‌లో తెరవడానికి కొన్ని సెకన్లు పడుతుందని విసుక్కుని పిమ్ తగ్గించేవారున్నారు. ఆ నిరీక్షణ దాడి చేసేవాడికీ ప్రతి ప్రయత్నానికీ తప్పదు కాబట్టి దాన్ని తగ్గించుకోకండి.

గూగుల్ డ్రైవ్ వంటి చోట ఫైళ్లు ఉంచేవారికి వెరాక్రిప్ట్ అంత అనువు కాదు, ఎందుకంటే కంటెయినర్ మొత్తం ఒకే పెద్ద ఫైలు. అక్కడ క్రిప్టోమేటర్ మంచిది. ప్రతి ఫైలునూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, పేర్లనూ దాస్తుంది, కీ తయారీకి ఎస్‌క్రిప్ట్‌ను 32 మెగాబైట్ల ర్యామ్‌తో వాడుతుంది. ఆర్గాన్2 సిఫారసులతో పోలిస్తే ఇది తక్కువే అయినా, గ్రాఫిక్స్ కార్డుల ముందు అసలు ర్యామ్ కోరని పద్ధతులకన్నా ఎంతో నయం.

లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్నవారు డిస్కు మొత్తానికీ లక్స్2 అనే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే కీ తయారీ ఆర్గాన్2తోనే జరుగుతుంది, ర్యామ్ ఉన్నదాన్ని బట్టి గరిష్ఠంగా ఒక గిగాబైట్ దాకా వాడుతుంది. ఎన్నో ఏళ్ల కిందట ఇన్‌స్టాల్ చేసినదైతే అది లక్స్1 కావచ్చు, అందులో పీబీకేడీఎఫ్2 మాత్రమే ఉంటుంది. ‘క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్’ ఆజ్ఞతో ఏదో చూసుకుని, బ్యాకప్ తీశాక మార్చుకోవాలి.

కమాండ్ లైన్‌లో ఆజ్ఞలు టైపు చేసి పని చేసే అలవాటున్నవారు ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాధనంతో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ చేయడం మానుకోవాలి. దాని ‘ఎన్క్’ ఆజ్ఞ మామూలుగా హాష్‌ను ఒక్కసారే నడుపుతుంది, 1.1.0 వెర్షన్‌కు ముందు అది ఎండీ5 కూడా. 2018లో వచ్చిన 1.1.1 నుంచి పీబీకేడీఎఫ్2 కోరుకునే వీలుంది కాని, మనం ఆవృత్తుల సంఖ్య ఇవ్వకపోతే 10,000 దగ్గరే ఆగుతుంది. అదే పనికి ఏజ్ అనే చిన్న సాధనం ఎంతో మేలు. అది ఎస్‌క్రిప్ట్‌ను సుమారు 256 మెగాబైట్ల ర్యామ్‌తో నడుపుతుంది. పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కితే యాదృచ్ఛికంగా పది పదాల పాస్‌వర్డ్‌ను తానే తయారుచేసి ఇస్తుంది. ఈ ఒక్క సదుపాయం మిగతా సాధనాలన్నిటిలోనూ ఉండాలని నా కోరిక.

పాస్‌వర్డ్ గురించి

కీ తయారీ పద్ధతి దాడిని ఒక స్థిరమైన నిష్పత్తిలోనే ఆలస్యం చేస్తుంది. పాస్‌వర్డ్‌లో చేర్చే ప్రతి యాదృచ్ఛిక పదమూ ఆ ఆలస్యాన్ని వేల రెట్లు పెంచుతుంది. 7,776 పదాల జాబితా నుంచి పాచికలు వేసి ఐదు పదాలు ఎంచుకుంటే, సెకనుకు కోటి ప్రయత్నాల దాడికి కూడా మొత్తం వెతకడానికి సుమారు తొంభై వేల ఏళ్లు పడుతుంది. నాలుగు పదాలైతే పదకొండేళ్ల పైచిలుకు, వంద కార్డులు పెట్టగలిగినవాడికి నెలన్నర లోపు. అందుకని ఏఈఎస్ జిప్ తప్పనిసరైతే ఐదుకు తగ్గకండి. సెవెన్-జెడ్‌కూ అదే పాటించండి. ఏజ్, లక్స్2లకు నాలుగైనా నిలుస్తుంది.

పదాలను మనసుకు తోచినట్లు కాక పాచికలతోనే ఎంచుకోవాలి. మన ప్రాంతంలో స్వామివారి నామం, దాని వెనుక 517501 అనే పిన్‌కోడో వాహనం మీది ఏపీ03తో మొదలయ్యే నంబరో చేర్చే అలవాటు ఎక్కువ. దాడి చేసేవారి జాబితాల్లో దేవుళ్ల పేర్లు, పిన్‌కోడ్లు, వాటి కలయికలు అన్నిటికన్నా ముందుంటాయి.

పదాలు తెలుగువే అయినా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడం మంచిది. తెలుగు లిపిలో రెండు హల్లులు కలవకుండా ఆపే కంటికి కనిపించని అక్షరం ఒకటుంది. ఒక కీబోర్డు దాన్ని చేరుస్తుంది, మరొకటి చేర్చదు. తెర మీద పదం ఒకేలా కనిపించినా కీ మారిపోయి, సొంత ఫైలే తెరుచుకోకుండా పోతుంది. పాస్‌వర్డ్‌ను ఫైలు పంపిన మెయిల్‌లోనే రాయకుండా ఫోనులో చదివి చెప్పాలి.

ఉన్న ఫైళ్లను మార్చుకునేటప్పుడు

కొత్త సాధనానికి మారినంత మాత్రాన ఇప్పటికే పంపిన పాత జిప్‌లు బలపడవు. అవి అవతలివారి మెయిల్‌లో అలాగే ఉంటాయి. వాటిలో ఉన్న నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ల వంటి మార్చగలిగినవాటిని మార్చేయడమే మార్గం. వెరాక్రిప్ట్‌లో పాస్‌వర్డ్ మార్చినప్పుడు హెడరు, అంటే అసలు కీని దాచి ఉంచే కంటెయినర్ మొదటి భాగం, మాత్రమే మారుతుంది, లోపలి అసలు కీ పాతదే ఉంటుంది. కాబట్టి పాత హెడరు కాపీ, పాత పాస్‌వర్డ్ రెండూ ఉన్నవారు ఇంకా తెరవగలరు. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం ఉంటే కొత్త కంటెయినర్ చేసి ఫైళ్లను అందులోకి తరలించాలి. తరలించాక కొత్తదాన్ని మరో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి, లోపలి ఫైళ్లు రెండు మూడైనా విప్పి చూసి, ఆ తర్వాతే పాతదాన్ని తొలగించాలి.